రెండు బొమ్మలు ఒకటైతే చాలా?

సాయంత్రం ఆరున్నర. గదిలో ఒకటే బల్బు. కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు మీటరు దూరంలో కెమెరా పట్టుకుని ఒకామె ఫొటో తీస్తోంది. లెన్స్ ఎఫ్/0.95, పూర్తిగా తెరిచి ఉంది. వ్యూఫైండర్ మధ్యలో చిన్న చదరం, అందులో పెద్దాయన కన్ను రెండుగా కనిపిస్తోంది. వేలితో లెన్స్ వలయాన్ని కొద్దిగా తిప్పింది. రెండో కన్ను జరిగి జరిగి మొదటిదానిలో కలిసిపోయింది. అంచు మీద అంచు, మెరుపు మీద మెరుపు. సందేహానికి చోటే లేదు. బటన్ నొక్కింది.

తర్వాత పెద్దది చేసి చూస్తే కన్ను మసకగా ఉంది. చెవి ముందున్న నెరిసిన వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

రేంజ్‌ఫైండర్ కెమెరా వాడినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇందులో తమాషా ఏమిటంటే, ఆమె చూసింది తప్పు కాదు. రెండు బొమ్మలూ నిజంగానే కలిశాయి. ఆమె కంటికి తెలిసింది వేరు, లెన్స్ చేసింది వేరు. మరి ఆ క్షణంలో ఆమెకు కలిగిన నిశ్చయం జ్ఞానమా, కాదా? ఈ ప్రశ్న కెమెరాల కన్నా చాలా పాతది. దాని మీద మన దేశంలో దాదాపు రెండు వేల ఏళ్లుగా తగువు నడుస్తోంది.

ముందు ఆ యంత్రం సంగతి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం దగ్గర రాజా బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ కాలంలో ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక గరుకు గాజు మీద బొమ్మను చూసేవాడు. తలకిందులుగా ఉన్నా అది ఆ లెన్స్ తెచ్చిన బొమ్మే. అరచేతిలో ఉసిరికాయలాంటి ప్రత్యక్షం. రేంజ్‌ఫైండర్‌లో ఆ సౌకర్యం లేదు. ఫొటో తీసే లెన్స్ ఒకటి, కన్ను చూసే కిటికీ మరొకటి. ఆ కిటికీకి కొంచెం పక్కన ఇంకో చిన్న కిటికీ. రెండు కిటికీల చూపులు ఎంత కోణంలో కలుస్తున్నాయో దాన్నిబట్టి దూరం తేలుతుంది. లెన్స్ వెనక ఉన్న లోహపు అంచు ఒక చిన్న రోలర్‌ను నెడుతుంది, రోలర్ ఒక చేతిని కదుపుతుంది, ఆ చేయి రెండో బొమ్మను జరుపుతుంది. బొమ్మలు కలిశాయంటే లెన్స్ సరైన చోటికి వచ్చిందని అర్థం. లెన్స్ గుండా చూసినవాళ్లు ఎవరూ లేరు. పొగను చూసి నిప్పుందని చెప్పడమే.

నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లు పుకార్ల గురించి అంటుంటారు. తర్కశాస్త్రంలో అది అనుమాన ప్రమాణానికి మొదటి పాఠం. కొండ మీద పొగ కనిపించింది, నిప్పు కనిపించలేదు, అయినా నిప్పుందని తెలిసింది. తెలుగులో ఈ మాటకు జరిగిన అన్యాయం ఒకటుంది. శాస్త్రంలో అనుమానమంటే నిశ్చయానికి తీసుకుపోయే దారి. ఇంట్లో అనుమానమంటే శంక, పెనుభూతం. ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు. రేంజ్‌ఫైండర్ వాడేవాళ్లు ఆ రెండు అర్థాల మధ్యే బతుకుతారు.

ఆ పొగ పాఠాన్ని బడిపిల్లలకు అర్థమయ్యేంత చిన్న పుస్తకంలో పెట్టినవాడు 17వ శతాబ్దపు అన్నంభట్టు, మన తెలుగువాడే. ఆయన రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయదర్శనం మొదలుపెట్టేవాళ్ల చేతిలో మొదటి పుస్తకం. అందులో ఒక చిక్కు ఉంది. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే పచ్చికట్టె తోడు కావాలి. బయటికి కనిపించకుండా వచ్చి కూర్చునే ఈ షరతుకు ఉపాధి అని పేరు. అది ఉన్నంతసేపు లెక్క సరిపోతుంది, తీసేస్తే తప్పుతుంది. చూసేవాడికి మాత్రం ఏ తేడా కనబడదు.

రేంజ్‌ఫైండర్‌లో పచ్చికట్టె ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఆ రోలర్ దగ్గరే ఉంది. బొమ్మలు కలిస్తే ఫోకస్ కుదిరినట్టే అనే మాటకు ‘రోలర్, లెన్స్ అంచు సరిగ్గా సర్ది ఉంటే’ అనే చిన్న షరతు తగిలించి ఉంది. కెమెరా ఒకసారి కిందపడితే, పాతబడి అరిగితే, లెన్స్ మారితే ఆ షరతు చడీచప్పుడు లేకుండా రద్దవుతుంది. వ్యూఫైండర్‌లో బొమ్మలు ఎప్పటిలాగే కలుస్తూనే ఉంటాయి.

మరి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదేం? ఎఫ్/8 దాచింది గనక. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8కు మూసి మీటరు దూరంలో ఫోకస్ చేస్తే దాదాపు 18 సెంటీమీటర్ల మేర అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. జానెడుకు కాస్త తక్కువ. ముక్కు కొస నుంచి చెవి దాకా అందులో పడుతుంది. అదే లెన్స్ ఎఫ్/0.95 అయితే ఆ జానెడు కుంచించుకుపోయి రెండు సెంటీమీటర్లు మిగులుతుంది. కెమెరా లోపల దీని లెక్క ఇంకా కఠినం. లెన్స్ తన చోటు నుంచి 0.03 మి.మీ. అటో ఇటో జరిగితే చాలు, పని చెడినట్టే. తలవెంట్రుక మందంలో అది దాదాపు సగం. తప్పు ముందు నుంచీ ఉంది. మూసిన లెన్స్ దాన్ని కప్పిపుచ్చింది, తెరిచిన లెన్స్ బయటపెట్టింది.

మన నమ్మకాలు చాలావరకు ఎఫ్/8 నమ్మకాలే. ‘మనిషి మంచివాడు’, ‘కాలం మారింది’, ‘పెద్దలు ఊరికే అనలేదు’. వీటిలో జానెడు వెసులుబాటుంటుంది. కాస్త ముందు పడినా వెనక పడినా నిజమే అనిపిస్తాయి. ఎవరైనా ఒక మాటను వెంట్రుక మందంలో సగానికి కుదించి చెప్పమన్న రోజునే అసలు పరీక్ష. పంచాంగకర్తకు ఈ సంగతి బాగా తెలుసు. వర్షఫలం గురించి ఎంతైనా చెప్పి తప్పించుకోవచ్చు. గ్రహణం పట్టే నిమిషం దగ్గర తప్పించుకోలేడు.

రేంజ్‌ఫైండర్ కచ్చితత్వం కోసం 1930లలో జర్మనీలో పోటీ నడిచింది. లైకా 2 మోడల్ 1932లో లెన్స్‌కు జతపడిన రేంజ్‌ఫైండర్‌తో వచ్చింది. దాని రెండు కిటికీల మధ్య దూరం నాలుగు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. 1936లో జైస్ ఐకాన్ తెచ్చిన కాంటాక్స్ 2లో అది 90 మి.మీ. కిటికీలు ఎంత ఎడంగా ఉంటే దూరం అంత కచ్చితంగా తెలుస్తుంది. 1954 నాటి లైకా ఎం3లో కిటికీల ఎడాన్ని వ్యూఫైండర్ 0.91 రెట్ల చూపుతో హెచ్చిస్తే వచ్చేది సుమారు 62 మి.మీ. మనిషి రెండు కళ్ల మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే. యాదృచ్ఛికమే కావచ్చు, ముచ్చటైన యాదృచ్ఛికం. మన తల కూడా ఒక రేంజ్‌ఫైండరే మరి.

లెన్స్‌లు ఊరుకోలేదు. 1961లో కెనన్ తన రేంజ్‌ఫైండర్ కెమెరాకు 50 మి.మీ. ఎఫ్/0.95 తెచ్చింది. 1966లో లైకా నాక్టిలక్స్ ఎఫ్/1.2తో మొదలై 2008 నాటికి అదీ ఎఫ్/0.95కు చేరింది. అయినా జ్యామితి ఓడిపోలేదు. 50 మి.మీ. ఎడం ఉన్న రేంజ్‌ఫైండర్‌లో చూసేవాడి కన్ను డిగ్రీలో 60వ వంతు పొరపడినా, మీటరు దూరంలో తప్పు ఆరు మి.మీ. మాత్రమే. రెండు సెంటీమీటర్ల గడిలో అది ఇమిడిపోతుంది. సూత్రం నిలిచింది, సూత్రాన్ని మోసే ఇనుము దగ్గరే తేడా వచ్చింది. మతాల చరిత్ర చదివినవాళ్లకు ఈ మాట కొత్తగా వినిపించదు.

అన్నిటికన్నా చిత్రమైన కథ సోవియట్ లెన్స్‌లది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాంటాక్స్ కెమెరాల యంత్రసామగ్రి నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు వెళ్లింది. కీవ్‌లో అదే కెమెరా కీవ్ అనే పేరుతో పుట్టింది. జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ 50 మి.మీ. ఎఫ్/1.5 అక్కడ జూపిటర్-3 అయింది. ఆ జూపిటర్‌నే లైకా తరహా మరచుట్టుతో కూడా తయారుచేశారు. కళ్లకు చూస్తే లైకాలో చక్కగా బిగుస్తుంది. చిక్కేమిటంటే లైకా లోకంలో ‘50 మి.మీ.’ అని రాసిన లెన్స్ అసలు కొలత 51.6. కాంటాక్స్ లోకంలో అది 52.4. మరమ్మతు చేసేవాళ్ల లెక్కలో జూపిటర్ రెండో లోకం కొలతనే పాటిస్తుంది.

తేడా 0.8 మి.మీ. దూరంగా ఉన్న కొండల్ని తీసినంతకాలం ఎవరికీ పట్టదు. మీటరు దగ్గరికి వచ్చేసరికి లైకా కెమెరా లెన్స్‌ను 2.81 మి.మీ. ముందుకు రమ్మంటుంది. జూపిటర్‌కు కావలసింది 2.9. ఆ 0.09 మి.మీ. లోటుతో ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక పడుతుంది. కెమెరా అబద్ధమాడలేదు, లెన్స్ కూడా ఆడలేదు. కెమెరా తన శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనది, లెన్స్ తన శాస్త్రం ప్రకారం సరైనది. ఇద్దరు నిజాయితీపరులు కలిసి చెప్పిన తప్పు అది. ఇద్దరూ ‘యాభై’ అనే అన్నారు, ఒకరి యాభై ఇంకొకరి యాభై కాదు. ‘ఆత్మ’ అన్న ఒక్క మాట మీద బౌద్ధులూ వేదాంతులూ శతాబ్దాలు వాదించుకున్న చోట ఇలాంటి మరచుట్టు ఎన్నిసార్లు బిగుసుకుందో!

ఇంకో చిక్కు లెన్స్ స్వభావంలోనే ఉంది. జైస్ ఈ శతాబ్దం మొదట్లో సీ-సోనార్ 50 మి.మీ. ఎఫ్/1.5ను మళ్లీ రేంజ్‌ఫైండర్ కోసం తెచ్చింది. గోళాకార దోషం వల్ల ఈ లెన్స్‌ను మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. మొదట్లో దాన్ని ఎఫ్/2.8 దగ్గర సరిపోయేలా సర్ది పంపేవారు, పూర్తిగా తెరిస్తే ఫోకస్ ముందుకు పడేది. కంపెనీ ఈ సంగతి దాచలేదు, అడిగినవాళ్లకు ఎఫ్/1.5కు సర్ది ఇచ్చింది. అంటే ఒకే లెన్స్‌లో రెండు నిజాలున్నాయి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. లెన్స్ ఎంత తెరిచారో రేంజ్‌ఫైండర్‌కు తెలిసే దారే లేదు.

ఇప్పుడు పాత తగువులోకి వద్దాం. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల మాట ఇది: జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం. రెండు బొమ్మలు కలిశాయి, నిశ్చయం కలిగింది, అంతే, నమ్మి ముందుకు నడవాలి. దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వచ్చినప్పుడో, కారణంలో దోషం బయటపడినప్పుడో వదిలేయాలి. నైయాయికులు, అంటే అన్నంభట్టు పక్షంవాళ్లు, ఒప్పుకోరు. జ్ఞానం సరైనదా కాదా అన్నది బయటి నుంచి తేలాలి. ఎడారిలో నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడు నీళ్లే. తీరకపోతే ఎండమావి. ఫలితమే సాక్షి.

ఫిల్ముల కాలంలో ఆ సాక్షి చీకటిగదిలో కూర్చునేది. ఫొటో తీసిన రోజుకూ కన్ను మసకబారిందని తెలిసిన రోజుకూ మధ్య వారం గడిచేది. ఈలోగా అదే తప్పుతో ఇంకో రెండు రీళ్లు అయిపోయేవి. డిజిటల్ వచ్చాక సాక్షి కెమెరా వీపు మీదికే వచ్చింది. 2012లో ప్రకటించిన లైకా ఎం మోడల్‌తో సెన్సర్ చూసినదాన్నే తెర మీద నేరుగా చూసే వీలు కలిగింది. రేంజ్‌ఫైండర్ ఇంట్లోకి ప్రత్యక్షం అడుగుపెట్టింది. అప్పటిదాకా నిశ్చింతగా ఉన్న చాలామంది ఆ తెర మీద బొమ్మను పది రెట్లు పెంచి చూసుకుని, తమ లెన్స్‌లన్నీ చెడిపోయాయని బెంగపెట్టుకున్నారు. లెన్స్‌లు నిన్నటిలాగే ఉన్నాయి. ఇంట్లో అనుమానం శాస్త్రంలో అనుమానాన్ని మింగేసిందంతే.

ఇక్కడే ఒక గట్టి ఎదురుప్రశ్న ఉంది, వేసినవాడు సామాన్యుడు కాదు. కృష్ణాతీరాన నాగార్జునకొండకు పేరుగా నిలిచిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో అడిగాడు: ప్రమాణాలతో వస్తువులు తెలుస్తాయి సరే, ప్రమాణాలు దేనితో తెలుస్తాయి? మరో ప్రమాణంతో అంటే, దానికి ఇంకొకటి, దానికి ఇంకొకటి. ఏ ప్రమాణమూ లేకుండా తెలుస్తాయంటే, అన్నీ ప్రమాణంతోనే తెలుస్తాయన్న మాట అక్కడే పడిపోయింది. రేంజ్‌ఫైండర్‌ను గీతల చార్టుతో పరీక్షిస్తే, చార్టు వంకర లేదని చెప్పేదెవరు? టేపుతో కొలిస్తే, టేపు సాగలేదని ఎవరి హామీ?

న్యాయసూత్రాలు ఇలాంటి ఆక్షేపణకే ఇచ్చిన జవాబు ఒక అంగడి సామాను. త్రాసు. త్రాసుతో బంగారం తూస్తే త్రాసు ప్రమాణం, బంగారం ప్రమేయం. బరువు ముందే తెలిసిన బంగారాన్ని ఇంకో త్రాసులో వేసి చూస్తే ఆ బంగారమే ప్రమాణం, త్రాసు ప్రమేయం. కొలిచేది ఎప్పుడూ కొలిచేదే కానక్కర్లేదు, కొలవబడేది ఎప్పుడూ కొలవబడేదే కానక్కర్లేదు. ఈ జవాబు నాగార్జునుడి నోరు పూర్తిగా మూయించలేదు, నిజమే. అడుగున కదలని నేల ఒకటుందని అది నిరూపించదు. కానీ కెమెరా మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్నవాడు రోజూ చేసేది సరిగ్గా ఇదే. తెలిసిన లెన్స్‌తో తెలియని కెమెరాను, తెలిసిన కెమెరాతో తెలియని లెన్స్‌ను చూస్తాడు. బంగారంతో త్రాసును, త్రాసుతో బంగారాన్ని. అడుగు నేల కోసం తవ్వుతూ కూర్చుంటే అతని కొట్టు ఒక్కరోజు నడవదు. తగువులో ఎవరు గెలిచారో పండితులు తేల్చాలి గానీ, పని మాత్రం త్రాసు పక్షానే జరుగుతోంది.

శంకకు ఎల్ల ఎక్కడో కూడా ఒకాయన చెప్పాడు. న్యాయకుసుమాంజలిలో ఉదయనుడి మాట, శంక మన పనికే అడ్డుపడేదాకా సాగుతుంది, అక్కడ ఆగుతుంది. నిప్పుకూ పొగకూ సంబంధముందా అని శంకించేవాడు కూడా పొగ కావలసినప్పుడు నిప్పే రాజేస్తాడు కదా. అలా శంక ఆగిన రాత్రి ఒకటుంది. 1948 జనవరి 30 రాత్రి ఢిల్లీ బిర్లా హౌస్ గేటు దగ్గర గాంధీజీ మరణవార్త చెబుతున్న నెహ్రూను ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ తీశాడు. దీపం వెలుతురే ఆధారం. ఆ ఫొటోలో స్పష్టత తక్కువే. రోలర్ సరిగ్గా సర్ది ఉందా అని ఆలోచించే రాత్రి కాదది. ఆ గేటు దగ్గర ఎవరైనా మీమాంసకుడే.

చివరికి యంత్రాన్ని ఎంత తిట్టినా, ఒక తప్పు మాత్రం అచ్చంగా మనిషిదే. ఫోకస్ చదరం నడిమధ్యలో ఉంటుంది. కన్ను దాని మీద పెట్టి ఫోకస్ చేసి, తర్వాత ఫొటో అందంగా రావాలని కెమెరాను పక్కకు తిప్పుతారు. మీటరు దూరంలో 15 డిగ్రీలు తిప్పితే స్పష్టంగా ఉండే తలం కన్ను వెనక్కి 34 మి.మీ. పోతుంది. ఎఫ్/0.95 ఇచ్చిన రెండు సెంటీమీటర్ల గడి కన్నా అది ఎక్కువ. తెలిసినప్పుడు నిజంగానే తెలిసింది, తెలిశాక మనమే జరిగాం. పెద్దాయన కన్ను మసకబారిన సాయంత్రం తప్పు రోలర్‌ది కాకపోవచ్చు కూడా.

రోలర్‌దా, చేతిదా అన్నది తేల్చుకోవడానికి ఆదివారం పొద్దుటి దినపత్రిక చాలు. బల్ల మీద 45 డిగ్రీల ఏటవాలుగా ఆనించండి, మధ్య వరుసకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి, కెమెరాను మీటరు దూరంలో స్టాండు మీద బిగించండి. లెన్స్‌ను పూర్తిగా తెరిచి ఆ వరుస మీద ఫోకస్ చేసి తీయండి. ప్రతిసారీ వలయాన్ని అనంతం గుర్తుదాకా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టి, పదిసార్లు. స్పష్టంగా వచ్చిన వరుస పదిసార్లూ ఒకే చోట, గుర్తుకు అవతలో ఇవతలో పడితే కెమెరాను మరమ్మతుకు ఇవ్వండి. ఒకసారి ముందూ ఒకసారి వెనకా పడితే ఇవ్వకండి, డబ్బు దండగ.